ముప్పై ఆరు బస్తాలు

మా బాపు పొలంలో ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో ఏ ఏడాదైనా ముగ్గురికే తెలుస్తుంది. బాపుకి, అమ్మకి, నాకు. నాలుగో మనిషి అడిగితే బాపు తల గోక్కుని, ఆకాశం వైపు చూసి, ఉన్నదాంట్లో నాలుగో వంతు తగ్గించి చెప్తాడు. అలాంటి అంకెను నేను ఆరడుగుల ఫ్లెక్సీ మీద, బాపు ఫొటో పక్కన, ఎర్ర అక్షరాల్లో వేయించి పంజాగుట్టలో మా ఆఫీసు గేటుకు కట్టించాను. మా వంశంలో ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకెవరూ చేసి ఉండరు.

నా పేరు సుష్మిత. ఒక విత్తనాల కంపెనీలో మూడేళ్లుగా రైతుల విజయగాథలు రాస్తున్నాను. ఊళ్లలో తిరిగే మా వాళ్లు ఫోన్ చేసి రైతు పేరు, ఊరు, వేసిన విత్తనం, వచ్చిన దిగుబడి చెప్తారు. నేను ఆ దిగుబడికి మరో అయిదారు బస్తాలు కలిపి, ఏదో ఒక తియ్యని పేరు పెట్టి, కింద రైతు నవ్వుతున్న ఫొటో వేస్తాను. నవ్వని వాళ్లను నవ్వమని చెప్పించి మళ్లీ తీయిస్తాను. మధురానగర్‌లో నా హాస్టల్ ఖర్చు, ఇంటికి పంపే కొంచెం, అన్నీ ఈ నవ్వుల మీదే నడుస్తున్నాయి.

బాపు దిగుబడి దాచడానికి కారణం ఉంది. ఆ అయిదెకరాలు మావి కావు. అమీర్‌పేటలో ఉండే జోగారావు గారివి. ఆయన ఉద్యోగంలో ఉండగా, పాతికేళ్ల కిందట, జగిత్యాల అవతల మా ఊళ్లో కొన్నారు. బాపు పద్దెనిమిదేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు. ఏటా మే నెలలో బాపు వాళ్లింటికి వచ్చి కూర్చుంటాడు, ఆయన ఒక మాట అంటారు, ఆ మాట మీద ఏడాది నడుస్తుంది. నా చిన్నప్పుడు ఎకరానికి ఇరవై రెండు బస్తాలు పండేవి, కౌలు ఆరు. తర్వాత కాలవ నీళ్లొచ్చాయి, కొత్త విత్తనాలొచ్చాయి, పంట పెరిగింది. పెరిగిందని తెలిసిన మరుసటి మే నెలకే కౌలు ఎనిమిదైంది, ఇంకొన్నాళ్లకు పదైంది. ఎరువులు, మందులు, మెషిన్ల కిరాయిలు వాటి దారిన అవి పెరిగాయి. ప్రభుత్వం ఎకరానికి ఇచ్చే పెట్టుబడి సాయం కూడా పట్టా ఎవరి పేరు మీదుంటే వాళ్లకే పోతుంది. కాబట్టి జోగారావు గారికి తెలిసిన పంటకీ, నిజంగా వచ్చిన పంటకీ మధ్య ఎంత తేడా ఉంటే అంతే మా ఇంటి సంపాదన. నేను డిగ్రీ చదివింది ఆ తేడాతోనే.

ఆ తేడాను కాపాడుకోవడానికి బాపు పడే పాట్లు చూస్తే నవ్వొస్తుంది, కాసేపయ్యాక రాదు. ఊళ్లో చక్రపాణి అని ఒకాయన ఉన్నాడు. రెండు కోత మెషిన్లు, నాలుగు ట్రాక్టర్లు, సొంత భూమి కాక నలభై ఎకరాల కౌలు. ఒకప్పుడు మా అమ్మ మంగవ్వ ఇరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని కోతలకు పోయేది. ఇప్పుడు ఎకరం కోత ఆయన మెషిన్‌కు గంట పని. ఆ ఇరవై మందిలో ఇద్దరు ఇక్కడ కృష్ణానగర్‌లో ఇళ్లలో వంట చేస్తున్నారు. చక్రపాణి మెషిన్ ఎవరి పొలంలో దిగితే ఆ పొలం పంట ఆయనకు తెలిసిపోతుంది, ఆయనకు తెలిస్తే పట్నంలో ఉన్న పట్టాదారులకు తెలిసిపోతుంది. అందుకని బాపు కిరాయి ఎక్కువైనా పక్క మండలానికి వచ్చిన తమిళనాడు మెషిన్‌ను బతిమాలి తెచ్చుకుంటాడు. వడ్లు ఒక్కచోట ఆరబోయడు. సగం మా ఊరి రోడ్డు మీద, సగం మేనత్త వాళ్ల ఊళ్లో పోస్తాడు. సర్కారు కొనుగోలు కేంద్రంలో ధర ఎక్కువే, కానీ అక్కడ జోగారావు గారి పట్టా పాస్‌బుక్ చూపించాలి, లెక్క ఆయనకు తెలుస్తుంది. అందుకని తక్కువకైనా వ్యాపారికే అమ్ముతాడు. దాచడానికి కూడా ఖర్చవుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ యాసంగి పంట కోతలయ్యాక, ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి, "ముప్పై ఆరు బిడ్డా" అన్నాడు. అంత పంట ఆ పొలంలో ఎన్నడూ రాలేదు. నేను ఆఫీసు మెట్ల మీదకు వెళ్లి కూర్చున్నాను. సంతోషంతో ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పకూడదు.

అదే వారం మా మేనేజర్ వివేక్, డీలర్ల మీటింగ్‌కి గట్టి కథ ఒకటి కావాలన్నాడు. నేను బాపు కథ రాశాను. అప్పటికి నేను రాసిన నూటయాభై కథల్లో ఒక్క బస్తా కూడా పెంచకుండా రాసింది అదొక్కటే. పరాయివాళ్ల నాన్నలను నూటయాభై మందిని గొప్పవాళ్లను చేశాను, మా నాన్న పేరు ఒక్కసారి పెద్ద అక్షరాల్లో చూసుకోవాలనిపించింది. మా ఊరి వాళ్లెవరూ పంజాగుట్టలో తిరగరులే అనుకున్నాను. జోగారావు గారిని నేను మే నెలలో ఒక్క రోజు ఉండే మనిషిగానే ఎప్పుడూ అనుకున్నాను. ఆయనకు మిగతా పదకొండు నెలలు కూడా ఉంటాయని, ఆయన బ్యాంకు మా ఆఫీసు వెనక సందులోనే ఉందని నాకు తట్టలేదు.

బుధవారం పొద్దున ఏడింటికి బాపు ఫోన్ వచ్చింది. బస్సులో ఉన్నాడు, చుట్టూ రొద.

"సారు రాత్రి ఫోన్ చేసిండు. పదకొండింటికి ఇంటికి రమ్మన్నడు. నా ఫొటో ఏదో చూసిండట. ముప్పై ఆరా నర్సయ్యా అని నవ్విండు."

నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను.

"నువ్వు రాసినవా బిడ్డా?"

"రాసిన బాపు."

"మంచిది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

స్నానం చేశానో లేదో కూడా గుర్తు లేదు. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు గేటు దగ్గరున్నాను. ఫ్లెక్సీ కదలకుండా అలాగే ఉంది. బాపు తలపాగాతో నవ్వుతున్నాడు. ఆ నవ్వు కోసం ఉగాదికి నేనే మూడుసార్లు తీశాను. తాళ్లు విప్పబోతే వాచ్‌మన్ వద్దన్నాడు, సార్‌ను అడగమన్నాడు. వివేక్ తొమ్మిదింపావుకి వచ్చేదాకా గేటుకీ లిఫ్టుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. రాగానే ఆ ఫొటో మా బాపుదని చెప్పి, ఫ్లెక్సీ తీసేయించమన్నాను.

"శనివారం డీలర్లు వస్తున్నరు సుష్మితా, అప్పటిదాక ఉండనియ్. మస్తుగున్నది. మీ ఫాదర్ అని ముందుగాల చెప్పలేదేంది?" అన్నాడు వివేక్.

"ఇప్పుడు చెప్తున్న గదా. తీసెయ్యున్రి."

"రీజన్ చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. కౌలు అనే మాట దాకా వచ్చేసరికి ఆయన ఫోన్ మోగింది. చేత్తో ఆగమన్నాడు. ఆగాను. అయిదు నిమిషాలయ్యాక నేనే బయటకొచ్చేశాను. ఫ్లెక్సీ తీసేసినా ఏం లాభం లేదని అప్పటికి నాకూ తెలుసు. చూసిన మనిషి కళ్లలోంచి ఎలా తీస్తాను.

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద నిలబడి గడియారం చూసుకుంటూ ఆలోచించాను. నాకు తోచిన దారి ఒక్కటే. అది అబద్ధమని చెప్పాలి. కంపెనీలు పెంచి రాస్తాయని లోకమంతా అనుకుంటుంది, నిజం కూడా. నేనే రాశానని, నేనే పెంచానని చెప్తే జోగారావు గారు ఎందుకు నమ్మరు? మొదటిసారి నిజం రాసి, అది అబద్ధమని ఒప్పించడానికి వెళ్తున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ భూమి పోవడం కంటే అసహ్యం నయమే.

బాపు పదిన్నరకు మెట్రో దిగి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, భుజానికి సంచి. సంచిలో సారు వాళ్లకి పది కిలోల కొత్త బియ్యం. ఏటా తెస్తాడు.

"తిన్నవా?" అన్నాడు నన్ను చూడగానే.

"తిన్న. బాపు, నేనొకటి అనుకున్న. గది అబద్ధమని చెప్త. కంపెనీ కోసం నేనే పెంచి రాసిన అని అంట. నువ్వు ఏం మాట్లాడకు. అడిగితే ఇరవై నాలుగే అను."

స్టేషన్ కింద కోచింగ్ సెంటర్ల వాళ్లు కరపత్రాలు పంచుతున్నారు. ఎవరు ఇచ్చినా బాపు తీసుకుంటున్నాడు, కాదంటే బాధపడతారేమోనని. జోగారావు గారి సందు చేరేసరికి బాపు జేబులో జావా, పైథాన్, ఇంకా పేరు తెలియని కోర్సులవి ఏడు కాగితాలున్నాయి. నేను ముందు నడుస్తూ వెనక్కి చూస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ ఉన్నాను. బాపు మాత్రం ఎప్పటి నడకే నడిచాడు.

జోగారావు గారి ఫ్లాట్ మూడో అంతస్తు. తలుపు ఆయన భార్య జానకీదేవి గారు తీశారు. బియ్యం సంచి అందుకుని, "ప్రతిసారీ ఎందుకు నర్సయ్యా మోసుకొస్తావు" అంటూనే లోపలికి తీసుకెళ్లి మజ్జిగ తెచ్చారు. జోగారావు గారు సోఫాలో కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుంటున్నారు. బాపు ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

"ఏంటయ్యా నర్సయ్యా, పెద్దవాడివైపోయావు" అంటూ ఆయన ఫోన్‌లో ఫొటో చూపించారు. ఫ్లెక్సీకి దగ్గరగా వెళ్లి అంకె స్పష్టంగా పడేలా తీశారు. "పోయిన మేలో ఇదే కుర్చీలో కూర్చుని ఇరవై నాలుగన్నావు. గుర్తుందా?"

"ఉన్నది సారు."

నేను అందుకున్నాను. "సార్, అది రాసింది నేనండీ. అమ్మకాల కోసం మేం అలాగే పెంచి రాస్తాం. అందరివీ అంతే. అసలు వచ్చింది ఇరవై నాలుగే."

ఆయన నా వైపు తిరిగారు. "కన్నతండ్రి ఫొటో పెట్టి అబద్ధం రాశావా అమ్మా?"

"ఉద్యోగం అలాంటిది సార్."

"ఎంత పెంచావు?"

"పన్నెండు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫ్లెక్సీ ఫొటో మళ్లీ చూశారు. మొహంలో ఉత్సాహం తగ్గింది. నమ్మారు. బాపు వైపు చూశాను. బాపు మజ్జిగ గ్లాసు వైపు చూస్తున్నాడు.

"అయితే ఇంకో సంగతి చెప్పాలి" అన్నారు జోగారావు గారు. ఆయన గొంతులో దయ ఉంది, అందుకే నాకు భయమేసింది. "చక్రపాణి ఫోన్ చేశాడు. ఎకరానికి పద్నాలుగు బస్తాలిస్తానంటున్నాడు. డబ్బు ముందే కట్టేస్తాడట. నేను వెంటనే ఒప్పుకోలేదు. ముప్పై ఆరు పండించే మనిషివి, పద్నాలుగు నువ్వూ ఇవ్వగలవు, పాతవాడివి, నీకే ఉంచుదామని పిలిచాను. ఇరవై నాలుగు పండేవాడు పద్నాలుగు ఎలా ఇస్తాడయ్యా? ఇచ్చి ఏం తింటాడు? నిన్ను ఆ ఇబ్బందిలో పెట్టడం నాకిష్టం లేదు. వదిలేయ్. వానాకాలం నుంచి చక్రపాణి చేసుకుంటాడు."

ఎక్కువ పండితే కౌలు ఎక్కువ. తక్కువ పండితే భూమే లేదు. నేను చెప్పిన అబద్ధం పోయి పోయి అక్కడ తేలింది. ఏదో ఒకటి మాట్లాడాలని నోరు తెరిచాను, ఏ అంకె చెప్పాలో తెలియలేదు. ఇరవై ఎనిమిదా? ముప్పయ్యా? జోగారావు గారి ఇంట్లో మాకు పనికొచ్చే అంకె ఏదీ లేదు.

"అమ్మాయి అబద్ధం చెప్పింది సారు" అన్నాడు బాపు.

గ్లాసు కింద పెట్టాడు. "గా ఫొటో పక్కన రాసింది నిజమే. ఇప్పుడు చెప్పిందే అబద్ధం. నా కోసం చెప్పింది. ముప్పై ఆరు పండినయ్. పోయినేడు ఇరవై నాలుగని నేను చెప్పింది సుత అబద్ధమే. ముప్పై ఒకటి పండినయ్."

బాపు ఆ ఇంట్లో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

"పడమటి మూలకు సౌడు ఉండె, మీకు యాదికున్నదో లేదో. గడ్డి సుత మొలవకపోతుండె. మూడు ఎండకాలాలు చెరువు మట్టి తోలిన. ట్రాక్టరు కిరాయి నేనే పెట్టుకున్న. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి దున్నిన. మీ భూమి ఇరవై రెండు ఇస్తుండె సారు. గంతకు మించి వచ్చినయి నేను తెచ్చిన. గది చెప్పుకోనీకె నాకు ఇన్నేండ్లు జాగ దొరకలే. ఇయ్యాల చెప్తున్న."

జానకీదేవి గారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. "కౌలు పన్నెండు చేసుకోండి, పోనీ" అన్నారు నెమ్మదిగా.

"ఫ్లాట్ మెయింటెనెన్సే మొన్న నాలుగు వేలు చేశారు జానకీ" అన్నారాయన. తర్వాత బాపు వైపు తిరిగారు. కోపం లేదు. నిజంగా సంతోషించినట్టే ఉన్నారు. "నేలలో సత్తా ఉంటేనే కదయ్యా నువ్వు తెచ్చేది. నీళ్లొచ్చాయి, విత్తనం వచ్చింది, నీ కష్టమూ ఉంది, నేను కాదనను. పద్నాలుగే ఇవ్వు. చక్రపాణిలా ముందు కట్టమనను, పంట మీద ఇవ్వు చాలు. నీ కోసం ఆ మాత్రం చేస్తాను."

వద్దను బాపు, వద్దని లేచి రా, అని నేను లోపల్లోపల అరుస్తున్నాను.

"ఇస్త సారు" అన్నాడు బాపు.

లేచి నిలబడ్డాం. జోగారావు గారు నా భుజం తట్టారు. "ఇక నుంచి మీ నాన్నని అడగనమ్మా. పెద్దవాడు, అబద్ధం చెప్పించడం ఎందుకు. నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా, పంట కోయగానే నీకే ఫోన్ చేసి కనుక్కుంటాను. నువ్వు చదువుకున్నదానివి." జానకీదేవి గారు నా నంబరు రాసుకున్నారు. నేను చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. బాపు చెప్పులేసుకుంటూ మా ఇద్దరి వైపూ చూశాడు.

కిందకి దిగగానే నా నోరు ఆగలేదు. "ఇరవై రెండు పండినప్పుడు ఖర్చులకు పన్నెండు పోయేటియి, కౌలుకు ఆరు. నాలుగు మిగిలేటియి. ఇప్పుడు ఖర్చులకే ఇరవై, కౌలుకు పద్నాలుగు. ముప్పై ఆరు పండిస్తే రెండు మిగులుతయి బాపు. రెండు. ఎట్ల ఒప్పుకున్నవ్?"

"నాకు తెల్వదా బిడ్డా."

"మరి?"

"ఇడిసిపెడితే చక్రపాణి ట్రాక్టర్ల మీద కూలికి పోవాలె. గదీ నా పొలంల్నే." కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నాడు. "నేను పోసిన మట్టి ఆడనే ఉన్నది గద. దాన్ని ఎత్తుకరాలేను."

తప్పు నాదేనని చెప్పాలనుకున్నాను. రోడ్డు మీద, బళ్ల హారన్ల మధ్య, ఆ మాట చెప్పడానికి గొంతు పెంచాలి, పెంచితే ఏడుపొచ్చేలా ఉంది. ఊరుకున్నాను.

బస్సుకు ఇంకా టైముంది. ఫ్లెక్సీ ఒకసారి చూస్తానన్నాడు బాపు. నాకు సిగ్గేసింది, అయినా మెట్రోలో ఒక్క స్టేషన్ తీసుకెళ్లాను. గేటు ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"గీ అంగి పాతది గదనే" అన్నాడు.

వాచ్‌మన్ ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసి గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. "నిజంగ ముప్పై ఆరు పండినయా అన్నా?" అన్నాడు. బాపు తల గోక్కోలేదు, ఆకాశం వైపు చూడలేదు. "పండినయ్" అన్నాడు. వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ వైపట. రెండెకరాలు కౌలుకు చేసి, పెరిగిన కౌలు కట్టలేక వదిలేసి వచ్చాడట. ఇద్దరూ ఏ మందు ఎప్పుడు కొట్టాలో పావుగంట మాట్లాడుకున్నారు. బాపు మొహం ఆ పావుగంటా ఫొటోలో కంటే బాగుంది. నేను పక్కన నిలబడి ఫ్లెక్సీ తాడు ముడిని గోటితో గీకుతూ ఉన్నాను.

"తీసేయించమంటవా?" అని అడిగాను.

"ఎందుకు? చూడవల్సినోడు చూసిండు." సంచి భుజానికేసుకున్నాడు. "అన్నం ఏళకు తిను" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆరు నెలలూ బాపు ఫోన్లు మామూలుగానే వచ్చాయి. వాన గురించి, అమ్మ మోకాలి గురించి, బర్రె ఈనడం గురించి చెప్పేవాడు. నేను విజయగాథలు రాస్తూనే ఉన్నాను, కాకపోతే రైతు భూమి ఎవరిదో అడగమని మా వాళ్లకు చెప్పాను. కౌలు రైతయితే ఊరి పేరు మార్చేసేదాన్ని. వివేక్ రెండుసార్లు విసుక్కున్నాడు.

దీపావళి వెళ్లాక వానాకాలం కోతలయ్యాయి. ఈసారి బాపు తనంతట తాను చెప్పలేదు. రోజూ ఇవాళ చెప్తాడేమోనని చూశాను. పదో రోజు నేనే ఫోన్ చేశాను.

"ఎన్ని పండినయ్ బాపు?"

"ఏం చెప్పాలె బిడ్డా. పైరుకు దోమ పడ్డది. చివర్ల వాన కొట్టింది. ఇరవై రెండు అయితయో లేవో."

ఆ గొంతు నాకు తెలుసు. తగ్గించిన గొంతు కాదు. నాకు పంట చెప్పేటప్పుడు బాపు గొంతు తగ్గిస్తాడు. ఇది అందరికీ వినిపించేలా, నింపాదిగా, కొంచెం నీరసం కలిపి మాట్లాడే గొంతు. ఏటా మే నెలలో ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాట్లాడేది ఈ గొంతుతోనే. నా మీద కోపం ఉందేమోనని వెతికాను. లేదు. జాగ్రత్త ఉంది.

"అవ్వకియ్యి" అన్నాను.

అమ్మ ఫోన్ తీసుకుంది. "అవ్వా, నిజంగ ఇరవై రెండేనా?"

"మీ బాపు చెప్పిందే బిడ్డా" అంది అమ్మ. "నువ్వు మంచిగున్నవా?"

మంచిగున్నానని చెప్పాను.

మర్నాడు ఆఫీసులో ఉండగా జోగారావు గారు ఫోన్ చేశారు. బ్యాంకు పనిమీద మా ఆఫీసు వెనక సందులోకే వచ్చారట. "పంటెంత వచ్చిందమ్మా?" అన్నారు.

"ఇరవై రెండండీ. దోమ పడిందట."

"మళ్లీ కథ చెప్పడం లేదు కదా?"

కిటికీలోంచి చూశాను. ఆయన బ్యాంకు మెట్ల మీద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నా మాట కోసం ఆగి ఉన్నారు.

"మా బాపు నాకు అబద్ధం చెప్పడండీ" అన్నాను.

ఆయన నమ్మారు.